కాలేజీకి పంపే సారె



ఆషాఢమాసం వచ్చిందంటే కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలు పుట్టింటికి రావడం మన పాత ఆచారం. కాస్త అటూ ఇటూగా ఆ రోజుల్లోనే దీనికి ఎదురు ప్రయాణం ఒకటి ఇప్పుడు మన ఇళ్ళల్లో మామూలైపోయింది. ఇంటర్మీడియెట్ పాసై, ప్రవేశ పరీక్ష రాసి, కౌన్సెలింగులో సీటు తెచ్చుకున్న అమ్మాయిలు ఊరుగాని ఊళ్ళో హాస్టలుకి బయలుదేరుతున్నారు. కొందరైతే పదో తరగతి అవుతూనే వెళుతున్నారు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు పెట్టిన దగ్గరనుంచి పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ఆరేళ్ళ చదువుకని గడప దాటుతున్నారు.

పెళ్ళికూతుర్ని పంపేటప్పుడు సారె పెడతాం. కాలేజీకి వెళ్ళే పిల్లకీ ఇంచుమించు అలాగే పెడుతున్నాం. డబ్బాడు ఆవకాయ, సీసాడు కందిపొడి, సున్నుండలు, జంతికలు, కొత్త దుప్పటి, బకెట్టు, మగ్గు, తాళంకప్ప, చివరికి బట్టలారేసుకునే క్లిప్పులతో సహా! మూత పడకపోతే పెట్టెమీద కూర్చుని మరీ వేస్తాం. ఇంతా సర్ది, బస్సు కదలబోయే ముందు పిల్ల చెయ్యి పట్టుకుని ఒక మాట చెబుతాం: "సర్దుకుపోవాలమ్మా!" అని. అదీ అత్తవారింటికి పంపేటప్పుడు చెప్పే మాటే. అమ్మమ్మలు మన అమ్మలకి చెప్పారు, అమ్మలు మనకి చెప్పారు, మనం మన పిల్లలకి చెబుతున్నాం.

ఈవేళ ఆ ఒక్క మాట గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను. సర్దుకుపోవడం మంచి గుణమే, కాదనను. కాని వేటికి సర్దుకుపోవాలి, వేటికి సర్దుకుపోకూడదు అన్నది విడమరిచి చెప్పకుండా ఆ మాటొక్కటే మూటగట్టి ఇచ్చామనుకోండి, ఆ పిల్ల హాస్టల్లో సాంబారు నీళ్ళగా ఉన్నా సర్దుకుపోతుంది, నాలుగు రోజులుగా జ్వరం కాస్తున్నా సర్దుకుపోతుంది. రెండూ ఒకటి కావు గదా!

ముందు ఆ పిల్ల మనసులో ఏముందో చూద్దాం. సీటొచ్చిన రోజునుంచీ అమ్మాయి వాలకం గమనించారా? ఒక పూట ఎగిరి గంతేస్తుంది. ఒక పూట ఊరికే విసుక్కుంటుంది. సర్దిన బట్టలు తీసి మళ్ళీ సర్దుతుంది. "ఏమే, భయంగా ఉందా?" అంటే "భయమెందుకు?" అని కసురుకుంటుంది. రాత్రి మాత్రం, ఎప్పుడూ లేనిది, మన పక్కలోకి వచ్చి పడుకుంటుంది. గదిలో పక్కమంచం మీద ఎవరుంటారో, ఇంగ్లీషులో పాఠం చెబితే అర్థమవుతుందో లేదో, అందరూ బాగా తయారై వస్తారేమో, ఇక్కడ క్లాసులో ఫస్టు వచ్చిన తను అక్కడ ఎన్నో దాన్నవుతానో... ఇవీ ఆ పిల్ల ఆలోచనలు. వీటికి తోడు ఇంకొకటుంది. అప్పుచేసో, పొదుపు చీటీ పాడుకునో నాన్న ఫీజు కట్టారని ఆ పిల్లకి తెలుసు. కాబట్టి అక్కడ ఏ కష్టం వచ్చినా ఇంట్లో చెప్పకూడదని బయలుదేరక ముందే మనసులో నిర్ణయించుకుంటుంది. అలాంటి పిల్లకి మనం కూడా "సర్దుకుపో" అంటే, చెప్పకు అని మనమే అన్నట్టవుతుంది.

సరే, సర్దుకుపోవలసినవి ఏమిటో మొదట చెప్పుకుందాం. మెస్సు భోజనం మన వంటలా ఉండదు. నాలుగువందల మందికి వండే పప్పు నలుగురికి వండే పప్పులా ఎలా ఉంటుంది? పొద్దున్నే స్నానాల గది దగ్గర వరుస ఉంటుంది. గదిలో ఒకమ్మాయి పదింటికే దీపం ఆర్పమంటుంది, ఇంకొకమ్మాయి రెండింటిదాకా చదువుతుంది. ఒకరిది శ్రీకాకుళం యాస, ఒకరిది కరీంనగర్ యాస, ఒకరిది కర్నూలు యాస. ఒకరి పలుకు ఇంకొకరికి నవ్వులాటగా ఉంటుంది. వీటన్నిటికీ సర్దుకుపోవాలి. పదిమందిలో మెలగడం పుస్తకంలో లేని చదువు. హాస్టలు నేర్పేది అదే.

అయితే సర్దుకుపోవడానికి కూడా చేతిలో పనుండాలి. ఇన్నాళ్ళూ మనం "చదువుకో తల్లీ, ఆ పని నేను చూసుకుంటాలే" అంటూ వచ్చాం. బట్టలు మనమే ఉతికాం, బ్యాంకు పని వాళ్ళ నాన్న చూశారు. ఇప్పుడు ఉన్నట్టుండి అన్నీ నువ్వే చేసుకోమంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? మా పెద్దమ్మాయి హాస్టల్లో చేరబోయే ముందు మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. చివరి నెలరోజులూ తన పనులన్నీ తనే చూసుకోవాలి. తన బట్టలు తనే ఉతుక్కుంది. రంగుపోయే చుడీదారు విడిగా నానబెట్టాలని ఆ నెలలోనే తెలుసుకుంది. తెల్లచొక్కా ఒకటి గులాబీ రంగుకి తిరిగిందనుకోండి, ఆ నష్టం ఇంట్లో జరగడమే మేలు! నెలకి ఇంతని చేతికిచ్చి, పుస్తకంలో ఖర్చు రాసుకోమన్నాం. ఇరవయ్యో తారీఖుకే డబ్బులైపోయాయి. మిగిలిన పదిరోజులూ మేము ఇవ్వలేదు, తనూ అడగలేదు. రెండోనెల హాస్టలునుంచి పంపిన లెక్కలో నూటయాభై రూపాయలు మిగిలాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఇప్పుడు కాగితం నోటు కంటే ఫోనులోంచే ఎక్కువ డబ్బు నడుస్తోంది. పిల్లలకి ఆ కిటుకులు మనకంటే బాగా తెలుసు, కాని మోసం తెలియదు. రెండు సూత్రాలు కంఠతా పట్టించండి. ఒకటి, బ్యాంకువాళ్ళమని ఫోనుచేసి ఎవరడిగినా ఓటీపీ చెప్పకూడదు. రెండు, మనకి డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కర్లేదు. స్కాలర్‌షిప్ డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టమని ఎవరైనా అన్నారంటే ఆ డబ్బు వచ్చేది కాదు, పోయేది. పోయిందని తెలిసిన క్షణాన్నే 1930 నంబరుకి ఫోనుచెయ్యాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నాన్న తిడతారని రెండు రోజులు దాచిపెడితే అక్కడ చేతులు మారిపోతుంది.

తిండి సంగతి కూడా కాస్త వివరంగా చెప్పి పంపాలి. ఎనిమిదింటికి క్లాసుంటే పిల్లలు మొదట మానేసేది టిఫినే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అలసట, కళ్ళు తిరగడం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఇవన్నీ సోమరితనం అనుకుంటాం. చాలాసార్లు అది రక్తం తక్కువై వచ్చే నీరసం. వేరుశనగపప్పు, బెల్లం కలిపి చేసిన ఉండలు ఒక డబ్బా పెట్టండి, సున్నుండల పక్కన అవీ ఉంటాయి. మెస్సులో ఆకుకూర పప్పు పెట్టిన రోజున నిమ్మకాయ పిండుకుని తినమనండి. నిమ్మరసం ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనంతో పాటే టీ, కాఫీ తాగితే పట్టనివ్వదు. గంట ఆగి తాగమనండి. విరోచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఒకటి లీటరు నీళ్ళల్లో కలుపుకుని తాగాలి. అది దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలగొట్టి కొలవాలి. ఈ కొలత ఒక చీటీమీద రాసి మందుల డబ్బా మూతకి లోపల అంటించండి.

ఇంతవరకూ సర్దుకుపోవలసినవి. ఇక సర్దుకుపోకూడనివి.

ఇక్కడ మీకు దుర్గాబాయమ్మగారి సంగతి ఒకటి గుర్తుచేయాలి. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి వెళ్ళివచ్చాక చదువు అందుకున్నారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి సొంతంగా చదివి పాసయ్యారు. ఆ తరవాత బి.ఏ. చదవడానికి వాల్తేరు వెళితే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకి హాస్టలు లేదన్నారు. అది విని ఆవిడ తిరుగుబండి ఎక్కలేదు. తనలాగే వసతి లేక చదువాగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తెలియజేయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చిన వాళ్ళందరూ కలిసి హాస్టలు ఏర్పాటు చేసుకున్నారు. తరవాత లా చదివారు, రాజ్యాంగ సభలో సభ్యురాలై మన రాజ్యాంగానికి చెయ్యి కలిపారు. ఆ హాస్టల్లో ఎన్ని అవస్థలుండి ఉంటాయో ఊహించండి. వాటికి ఆవిడ సర్దుకున్నారు. "హాస్టలు లేదు, చదువు కుదరదు" అన్న మాటకి మాత్రం సర్దుకోలేదు. మన పిల్లలకి చెప్పవలసిన తేడా ఇదే.

సర్దుకుపోకూడని వాటిలో మొదటిది ర్యాగింగు. పెద్ద క్లాసు పిల్లలు పేరడగడం, ఊరడగడం, ఒక పాట పాడమనడం పరిచయమే గదా అంటారు. పరిచయంలో ఇద్దరూ నవ్వుతారు. ఒకళ్ళు ఏడుస్తూ నలుగురు నవ్వితే అది పరిచయం కాదు. దీన్ని నేరంగా పరిగణిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అప్పటికి రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసే ఉన్నాయి. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. కాలేజీలో చేరేటప్పుడు పిల్లచేత, మనచేత కూడా పూచీపత్రం రాయించుకునేది అందుకే. ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఫిర్యాదు చెయ్యడానికి 1800-180-5522 అనే నంబరుంది. రాత్రీ పగలూ పలుకుతుంది.

రెండోది, ఒంటిమీద చెయ్యివేసే వాళ్ళు, మార్కుల పేరుతో గదికి రమ్మనే వాళ్ళు. ఈ మాట మాట్లాడటానికి మనకే మొహమాటం. మనకే నోరు రాకపోతే పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆడవాళ్ళ రక్షణకి 2013లో వచ్చిన చట్టం, విద్యార్థినుల కోసం వచ్చిన యూజీసీ నిబంధనలు, వీటి ప్రకారం ప్రతి కాలేజీలో ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చేరిన రోజున ఫీజు రశీదుతో పాటు ఆ కమిటీలో ఎవరెవరున్నారో కూడా కనుక్కోండి. "మీకెందుకండీ ఇప్పుడు?" అంటే "మా అమ్మాయికి తెలిసి ఉండాలి" అనండి. అడిగే తల్లి ఉందని అందరికీ తెలియడమే సగం రక్ష.

మూడోది అనారోగ్యం. రెండు రోజులు దాటిన జ్వరానికి గదిలో ముసుగు తన్ని పడుకోకూడదు. ముందు వార్డెనుకి చెప్పాలి, తరవాత మనకి. "మా వార్డెను కోప్పడుతుందమ్మా" అంటే, కోప్పడనీ, చెప్పు అనండి.

నాలుగోది మీకు విచిత్రంగా అనిపించవచ్చు. పాఠం అర్థం కాకపోవడం. దీనికి చాలామంది పిల్లలు సర్దుకుపోతున్నారు. మా వీధిలో ఒకావిడ కూతురు తెలుగు మీడియంలో చదివి, మంచి ర్యాంకుతో దూరపు ఊళ్ళో ఇంజనీరింగులో చేరింది. రోజూ ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అనేది. దసరాకి ఇంటికి వస్తే బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. తిండి బాగుండలేదేమో అనుకున్నారు. తల్లి తలకి నూనె రాస్తుంటే, వీపు అటు తిప్పి కూర్చున్న పిల్ల చెప్పింది: "అమ్మా, నేను నెలరోజులుగా ఒక క్లాసుకి వెళ్ళడంలేదు. ఒక్క ముక్క అర్థం కావడంలేదు. నేనొక్కదాన్నే చవటని." ఆ తల్లి కేకలు వెయ్యలేదు. నూనె రాస్తున్న చెయ్యి ఆపలేదు. "ఇంకెవరికీ అర్థం కావడంలేదేమో కనుక్కున్నావా?" అని మాత్రం అడిగింది. సెలవులయ్యాక వెళ్ళి కనుక్కుంటే, ఆ గదిలోనే ఇంకో ఇద్దరు అదే బాధలో ఉన్నారు. ముగ్గురూ కలిసి లెక్చరరు దగ్గరికి వెళ్ళారు. ఆ సెమిస్టరులో ఒక పేపరు పోయింది. సప్లిమెంటరీలో రాసి పాసైంది. ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతోంది. అంతకంటే పెద్ద కథేం లేదు. కాని దసరాకి ఆ మాట బయటికి రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. హాస్టలు గదుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం గదా! "ఇంట్లో ఒక్క మాట చెప్పి ఉంటే" అని చివర్న అందరం అనుకుంటాం. ఆ ఒక్క మాట చెప్పడానికి దారి ముందే వెయ్యాలి.

ఆ దారి ఎలా వెయ్యాలి? పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు. ఫోనులో మనం అడిగే ప్రశ్నలు కాస్త మార్చుకుంటే చాలు. "తిన్నావా? చదువుతున్నావా? మార్కులెన్ని?" ఈ మూడింటికీ "ఊఁ" అంటే సరిపోతుంది. అలా కాకుండా "ఈవేళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి. "ఎవరూ లేరమ్మా, ఒక్కదాన్నే" అని వరసగా వారం రోజులు వస్తే అక్కడ ఏదో ఉందని మనకి తెలుస్తుంది. "ఈ వారంలో కష్టంగా ఉన్నదేమిటి?" అని అడగండి. కష్టం ఉండటం మామూలే అని ఆ ప్రశ్నే చెబుతుంది. రోజుకి పదిసార్లు వీడియో కాల్ చేసి గది నలుమూలలా చూపించమనకండి. రోజుకొక వేళ పెట్టుకోండి, ఆ వేళకి మాత్రం తప్పకండి. టీవీ కట్టేసి మాట్లాడండి.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇంకో ఉపాయం చేశారు. పక్కన ఎవరైనా ఉంటే పిల్ల మనసు విప్పి మాట్లాడలేదు గదా! అందుకని తల్లీ కూతురూ ముందే ఒక గుర్తు పెట్టుకున్నారు. "అమ్మా, చారన్నం తినాలని ఉంది" అని పిల్ల అంటే, ఉన్నపళాన బయలుదేరి రమ్మని అర్థం. మూడేళ్ళలో ఆ అమ్మాయి ఆ మాట ఒక్కసారే అంది. ఆ రాత్రి బస్సుకే తండ్రి వెళ్ళారు. ఎందుకు పిలిచిందీ అన్నది వాళ్ళ ఇంటి సంగతి, మనకక్కర్లేదు. పిలిస్తే వస్తారన్న ధైర్యంతో మిగతా రోజులన్నీ ఆ పిల్ల నిబ్బరంగా చదువుకుంది.

మనకి చెప్పుకోలేని బాధ అయితే పరాయివాళ్ళకైనా చెప్పుకోవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలిమానస్ అనే సేవ మొదలుపెట్టింది. 14416 నంబరుకి ఫోనుచేస్తే మనసు బాగాలేనప్పుడు తెలుగులోనే మాట్లాడి ధైర్యం చెబుతారు. ఈ నంబరు కూడా ఆ మందుల డబ్బా మూతమీదే రాయండి. మనసుకి వచ్చేదీ జబ్బే. దానికి సిగ్గుపడవలసింది లేదని పిల్లకి మన నోటితో వినిపించాలి.

ఇంకొక్క మాట. "నువ్వు అక్కడ ఉండలేకపోతే తిరిగి రావచ్చు" అని చెప్పడానికి మనం భయపడతాం. అలా అంటే మొదటి వారంలోనే పెట్టె సర్దుకుని వచ్చేస్తుందేమో అని! నాకు తెలిసినంతలో జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. వెనక తలుపు తెరిచి ఉందని తెలిసిన పిల్ల ముందుకే నడుస్తుంది. తలుపు మూసేశారనుకున్న పిల్లే దిక్కుతోచక నిలబడిపోతుంది. కోర్సు మారడం, కాలేజీ మారడం ప్రపంచం మునిగిపోయే సంగతులు కావు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని, సరిచూసి తిరిగి ఇచ్చెయ్యాలని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఇచ్చేముందు అన్నిటికీ జిరాక్సులు రెండేసి తీసి, ఒక కట్ట ఇంట్లో ఉంచండి.

ఇప్పుడు రేడియో పక్కన మీ అమ్మాయి కూడా ఉంటే, ఆ పిల్లతో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి. అమ్మాయీ, మొదటి రెండు వారాలూ ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. పక్కమంచం పిల్లకీ వస్తుంది, పైకి చెప్పదు అంతే. నువ్వే ముందు జంతికల డబ్బా మూత తీసి "తీసుకో" అను. స్నేహాలు అలాగే మొదలవుతాయి. మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తగ్గితే గాబరా పడకు. నీ క్లాసులో కూర్చున్న వాళ్ళందరూ ఎక్కడో ఒకచోట ఫస్టు వచ్చినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళల్లో ఒకళ్ళే ఫస్టు రాగలరు, మిగతావాళ్ళు తెలివితక్కువవాళ్ళైపోరు. అర్థం కానిది అడుగు. కాదనవలసింది కాదను. మీ అమ్మకి దుఃఖం కలుగుతుందని నీ కష్టం దాచకు. నువ్వు చెబితే కలిగే దుఃఖం ఒక పూట ఉంటుంది. చెప్పకపోతే కలిగేది అలా పోయేది కాదు.

సోదరీమణులారా, నేను పదో తరగతితో చదువు ముగించినదాన్ని. కాలేజీ మెట్లు మా అమ్మాయిని చేర్పించడానికి వెళ్ళినప్పుడే ఎక్కాను. మీలో చాలామంది నాలాంటి వాళ్ళే అయి ఉంటారు. వాళ్ళ పాఠాలు మనకి తెలియవు, వాళ్ళ కంప్యూటర్లు మనకి తెలియవు. కాని పిల్ల గొంతులో మార్పు మనకి తెలుస్తుంది. ఆ విద్యకి డిగ్రీ అక్కర్లేదు. పెట్టె సర్దుతూ సర్దుతూ, ఆవకాయ మూటకి రెండో ముడి వేస్తూ, నెమ్మదిగా చెప్పండి: "కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకుపో తల్లీ. నిన్ను ఎవరైనా తక్కువ చేస్తే సర్దుకుపోకు. ఏదైనా సరే, ముందు నాకు చెప్పు."

సారె డబ్బాలు దసరాకల్లా ఖాళీ అయిపోతాయి. ఈ మాట ఖాళీ కాదు.